గాలా

రావులపాలెం యార్డులో తెల్లారకుండానే
సైకిళ్ల మీంచి గెలలు దిగుతున్నాయి.
ఇటు నాలుగు కర్పూరం, అటు నాలుగు చక్కెరకేళి,
మధ్యలో మనిషి కనపడడు, కాళ్లే నడిచొస్తాయి.
నేను కాటా పక్కన కూచుని లెక్క రాసుకుంటున్నాను.
మాఘమాసం. పెళ్లిళ్ల గిరాకీ.
షావుకారు కొత్తగా తెప్పించిన అట్టపెట్టె
అరటాకుల మీద దించారు.
నలభై రోజులు ఓడలో వణికొచ్చిన ఆపిల్ పళ్లు,
పండు పండుకీ బొట్టుబిళ్లలా ఒక కాగితం.

"గెలా?" అన్నాడు జట్టులో ఒకడు, బిళ్ల కూడబలుక్కుని.
"గెల కాదెహే, గాలా," అన్నాడు యాకోబు.
"నేను కోశానీ రకం."

రెండు కోతలకి పోలండు వెళ్లొచ్చాడు వాడు.
ఆపిల్ తప్ప ఇంకో ఊసు లేని చిన్న ఊరట.
అయిదొందలేళ్ల కిందట ఒక రాణి తోటలు పెట్టించిందని
ఇవాళ్టికీ నిన్న మొన్నలా చెప్పుకుంటారట.

కత్తి ఇవ్వలేదండి, అన్నాడు.
పండు కింద అరచెయ్యి పెట్టి
కాస్త పైకెత్తి తిప్పాలి.
రావాలనుంటే వస్తుంది, లేకపోతే వచ్చే వారం.
ఇరవై ఏళ్లు గెలలు నరికిన చెయ్యి
మొదటి రోజంతా సిగ్గుపడిందండి.
మనకి గెల దిగితే చెట్టూ కూలాలి,
మర్నాటికి పిలకకి ఏమీ గుర్తుండదు.
అక్కడ చెట్టు నిలబడే ఉంటుంది
ఎవరు కోశారో చూస్తూ.

తోట ఆసామి జెనోన్. ఎనభై దాటాయి.
మొదటి సాయంత్రం పేరడిగాడట.
"యాకోబు."
ముసలాయన నిచ్చెన సగంలో ఆగిపోయాడు.

వాళ్ల నాన్న రోజుల్లో
తోటని పూత మీద కౌలుకి పట్టేవాడి పేరూ అదే.
యూదుల మనిషి.
మన మామిడితోటల బేరగాళ్లలాగే
కొమ్మ వంచి, పువ్వు వాసన చూసి,
మంచు పడుతుందా పడదా అని ఆకాశాన్ని బతిమాలి,
ఒక అంకె చెప్పేవాడు. తప్పేది కాదు.
ఊళ్లో సగం వాళ్లే. చెప్పులు కుట్టేవాళ్లు, రొట్టెలవాళ్లు.
యుద్ధంలో ఒక ఫిబ్రవరి, మోకాటి లోతు మంచులో
అందర్నీ బండ్లెక్కించి తీసుకుపోయారు.
మే నెలలో పూత విరగబూసిందట.
బేరానికి ఎవరూ రాలేదు.

"మాదీ అంతేనండి," అన్నాడట యాకోబు,
సగం సైగలు, సగం ఫోను.
"మా లంక గోదాట్లోకి జారిపోయిందండి.
మూడెకరాలు, చర్చి గోడ, మా నాన్న సమాధి.
రాత్రి పడుకుంటే ధబ్, ధబ్ మని
గట్టు విరిగి పడే చప్పుడు వినేవాళ్లం."

జెనోన్ చాలాసేపు మాట్లాడలేదట.
టీ పోశాడు. పంచదార వెయ్యడం మర్చిపోయాడు.
తర్వాత అన్నాడట:
"నీకు తిట్టుకోడానికి నది ఉంది.
ఆ బండ్లకి కట్టింది మా గుర్రాల్నే.
కళ్లేలు పట్టుకున్నది మా నాన్న."

ఆ మాట చెప్పి యాకోబు
పెట్టెలోంచి ఒక పండు తీసి తిప్పి చూశాడు.
తొడిమ దగ్గర నల్లగా బొటనవేలి నొక్కు.
"కొత్తవాడెవడో కోశాడు," అన్నాడు. తిరిగి పెట్టేశాడు.

సరుకు పుస్తకంలో ఊరి పేరుకి ఒక గడి ఉంది.
ఏం రాయనురా అన్నాను.
వాడు పలికాడు. నాకు నోరు తిరగలేదు.
మళ్లీ పలికాడు, కొంచెం నిదానంగా,
చిన్నపిల్లాడికి చెప్పినట్టు.
"మీకొచ్చినట్టు రాయండి, ఆయ్.
మా లంక పేరు మాత్రం ఇప్పుడెవరికి వస్తుంది?"

రాశాను. తప్పే అయ్యుంటుంది.

ఆలమూరు సైకిళ్లు బెల్లు కొట్టుకుంటూ వచ్చాయి.
యాకోబు తువ్వాలు భుజానేసుకుని లేచాడు.
మొదటి గెల తాడు విప్పి,
కింద అరచెయ్యి పెట్టి,
కాస్త పైకెత్తి,
తిప్పాడు.

గెలకి ఆ అవసరం లేదు.